తుపాకీకీ ఓ చుట్టకుదురు!

లండన్ వెళ్లినవాళ్లు బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి చూసొస్తారు. మేం వాటితోపాటు ఒక ఆదివారం రైలెక్కి నూటముప్ఫై అయిదేళ్లు దాటిన ఓ షూటింగ్ రేంజిని కూడా చూసొచ్చాం. అక్కడ తుపాకులకంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వాటి వెనక పెట్టే చిన్న ఇసుక సంచి.

‘మావయ్యగారూ, ఈ ఆదివారం బిస్లీ వెళ్తున్నాను. అతిథుల్ని తీసుకురావచ్చన్నారు. మీరూ రండి, నాలుగు గుళ్లు కాల్చుదురుగాని’ అన్నాడు మా అల్లుడు. నేను వెంటనే ‘నేనెందుకు లేవయ్యా’ అనేశాను.

కారణం నా చెయ్యి. ముప్ఫై నాలుగేళ్లు తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. బోర్డు మీద సుద్దముక్కతో వృత్తం గీస్తే కంపాస్ పెట్టి గీసినట్టుందనేవారు పిల్లలు. అలాంటిది మూడేళ్లుగా చెయ్యి వణుకుతోంది. కుడిచెయ్యి ఎక్కువ, ఎడమచెయ్యి కొద్దిగా. ‘ఇది ప్రమాదమేమీ కాదు మాస్టారూ, వయసుతో కొందరికి వచ్చే వణుకు. ఏదైనా పట్టుకున్నప్పుడూ, రాసేటప్పుడూ ఎక్కువగా తెలుస్తుంది’ అన్నారు గుంటూరులో డాక్టరుగారు. ప్రమాదం లేదు సరే, పరువు మాటేమిటి? కాఫీ గ్లాసు సగమే నింపమంటాను. నలుగురిలో ఆ సగమూ తాగను. మా మనవరాలు పలక తెచ్చి ‘తాతయ్యా, అ రాసివ్వవా’ అంటే, ‘అమ్మమ్మని అడుగమ్మా’ అని తప్పించుకుంటున్నాను. అలాంటివాణ్ని తుపాకీ పట్టుకోమంటే ఏం పట్టుకుంటాను?

‘కాల్చకపోతే మానెయ్యండి, చూడ్డానికేం?’ అంది మా ఆవిడ. నిజానికి అల్లుడికి అక్కడ వేరే పనుంది. రైఫిలు వెనక పెట్టుకునే సంచికి కుట్టు ఊడి ఇసుక కారిపోతోందట. కొత్తది కొనాలి. ఇసుక సంచి కొనడానికి అంత దూరమా అని నవ్వుకున్నాను. సాయంత్రానికి ఆ నవ్వు మాయమైంది!

రైలు దిగితే అటు శ్మశానం, ఇటు రేంజి

అల్లుడు తెల్లవారుజామునే రైఫిలు తీసుకుని కారులో వెళ్లిపోయాడు. మేమిద్దరం, అమ్మాయి, మనవరాలు వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కాం. ముప్పావుగంటకల్లా బ్రూక్‌వుడ్. చిన్న స్టేషన్. ఒకవైపు 1854లో మొదలైన బ్రహ్మాండమైన శ్మశానవాటిక ఉంది. లండన్‌లో స్థలం చాలక దీన్ని ఏర్పాటుచేశారు. అప్పట్లో శవపేటికల కోసమే వాటర్లూ నుంచి ప్రత్యేకంగా రైలు నడిచేదట. రెండోవైపు దారిపట్టి వెళ్తే బిస్లీ.

పైన్ చెట్లు, మధ్యమధ్య ఊదారంగు పూలు పూసిన పొదలు. సెప్టెంబరు కావడంతో ఎండ మన సంక్రాంతి ఎండలా హాయిగా ఉంది. క్యాంపు గేటు దాటగానే మా ఆవిడ ‘ఇదేమిటండీ, మన బ్రిటిష్‌వాళ్ల కాలంనాటి రైల్వే క్వార్టర్స్‌లా ఉంది’ అంది. అచ్చం అలాగే ఉంది. రేకుల కప్పులు, చెక్క స్తంభాల వరండాలు, వరండాలో పేము కుర్చీలు. ఒక్కో భవనం ఒక్కో క్లబ్బుది. అలనాటి చిన్న రైల్వేస్టేషన్ కూడా ఉంది. 1890 నుంచి 1952 వరకూ బ్రూక్‌వుడ్ నుంచి ఇక్కడిదాకా షూటర్ల కోసం చిన్న రైలు నడిచేదని అల్లుడు చెప్పాడు.

ఇంతలో ఒక్కసారిగా ‘ఠాప్’మని చప్పుడు. మనవరాలు ఉలిక్కిపడి నా పంచెను... కాదు, ఆ రోజు వేసుకున్న ప్యాంటును పట్టుకుంది. వెంటనే పిల్లకి చెవులు మూసే పెద్ద మఫ్‌లు తగిలించారు. మాకూ ఇచ్చారు. ఇక రేంజి దగ్గర ఉన్నంతసేపూ అవి తీయకూడదు.

రాణిగారి మొదటి గుండు

ఈ రేంజిని నడిపే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1859లో పుట్టింది. మొదటి పోటీలు 1860 జూలైలో లండన్‌లోని వింబుల్డన్ మైదానంలో జరిగాయి. అవును, ఇప్పుడు టెన్నిస్‌కి పేరుపడ్డ వింబుల్డనే. తొలి గుండు పేల్చింది స్వయంగా విక్టోరియా మహారాణి. అయితే రాణిగారు తుపాకీ చేత్తో పట్టుకోలేదు. విట్‌వర్త్ రైఫిలును ముందుగానే ఒక ఇనుప స్టాండు మీద గురిచూసి బిగించి, మీటకు పట్టుతాడు కట్టారు. ఆవిడ ఆ తాడు లాగింది, అంతే. 400 గజాల అవతలి టార్గెట్‌లో గుండు నడిబొడ్డుకు రెండంగుళాల లోపు తగిలిందట!

ఆ కథ వినగానే నాకు కాస్త ధైర్యమొచ్చింది. ఆధారం పెట్టుకుని కాల్చడం నిన్నమొన్నటి సంగతి కాదన్నమాట.

వింబుల్డన్‌లో ఇళ్లు పెరిగిపోవడంతో 1890లో పోటీలను బిస్లీకి మార్చారు. 1908, 1948 ఒలింపిక్స్‌లో షూటింగ్ పోటీలకు ఇదే వేదిక. ఏటా జూలైలో జరిగే ఇంపీరియల్ మీటింగ్‌లో పెద్ద బహుమతి గెలిచినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, బ్యాండుమేళంతో భుజాల మీద ఊరేగిస్తారు. 1930లో మార్జరీ ఫాస్టర్ ఈ బహుమతి గెలిచిన మొదటి మహిళ అయ్యింది. మనకూ ఈ నేలతో చుట్టరికం ఉంది. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల షూటింగ్ పోటీలు ఇక్కడే జరిగాయి. వాటిలో మనవాళ్లు 14 స్వర్ణాలు గెలిచారు. అంజలీ భగవత్ ఒక్కరే నాలుగు!

వాళ్లూ, మన హైదరాబాద్‌లో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ లాంటివాళ్లూ ఆడేది వేరే ఆట. అక్కడ బిగుతైన జాకెట్టు, ఏళ్ల తరబడి సాధన, నిశ్చలమైన శరీరమే ఆధారం. రైఫిలు కింద ఏమీ పెట్టకూడదు. మా అల్లుడు ఆడేది ఎఫ్-క్లాస్. జార్జ్ ఫర్క్వార్సన్ అనే కెనడా షూటర్ దీన్ని రూపొందించాడు. ఆయన ఇంటిపేరులోని మొదటి అక్షరమే ఆ ‘ఎఫ్’. వయసు మీదపడి చూపు మందగించినవాళ్లూ, చేతుల్లో పట్టు తగ్గినవాళ్లూ ఇష్టమైన ఆటకు దూరం కాకూడదని ఆయన రెండు వెసులుబాట్లు కల్పించాడు. రైఫిలు మీద దుర్భిణి పెట్టుకోవచ్చు. ముందొక ఆధారం, వెనకొక సంచి పెట్టుకోవచ్చు. తర్వాత కుర్రాళ్లూ ఇటే వచ్చి చేరారు. టార్గెట్ మీది వలయాలను చిన్నవి చేశారు. అందుకే ఆధారం ఉన్నా ఆట తేలికేమీ కాదు.

ఇన్ని సంచులా!

క్యాంపులోనే షూటింగ్ సామగ్రి అమ్మే దుకాణాలున్నాయి. అల్లుడి వెంట ఒకదాన్లోకి వెళ్లాం. ఒక అర నిండా సంచులే. కొన్ని చిన్న దిండ్లలా, కొన్ని గుండ్రటి మూటల్లా ఉన్నాయి. కొన్నిటికి పైన కుందేలు చెవుల్లా రెండు ఉబ్బెత్తు చెవులున్నాయి. వాటిని కుందేలు చెవుల సంచులనే పిలుస్తారట. రైఫిలు బట్ సరిగ్గా ఆ రెండు చెవుల మధ్యా కూర్చుంటుంది.

‘ఇందులో తేడా ఏముందయ్యా? ఏదో ఒకటి తీసుకో’ అన్నాను. అల్లుడు నవ్వి ‘మావయ్యగారూ, మీరు లెక్కల మాస్టారు. ఒక లెక్క చెప్పండి. రైఫిలు ముందు ఆధారానికీ వెనక సంచికీ మధ్య దూరం 70 సెంటీమీటర్లు. టార్గెట్ 300 గజాల దూరంలో ఉంది. వెనక సంచి మీద బట్ ఒక్క మిల్లీమీటరు కదిలితే గుండు ఎంత తప్పుతుంది?’ అన్నాడు.

సరూప త్రిభుజాలు! హైస్కూలు లెక్క. 300 గజాలంటే దాదాపు 274 మీటర్లు. దాన్ని 70 సెంటీమీటర్లతో భాగిస్తే సుమారు 390. అంటే ఇక్కడ మిల్లీమీటరు కదిలితే అక్కడ 39 సెంటీమీటర్లు! మనం రాసుకునే తెల్లకాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు. బట్ అంతమాత్రం కదిలినా గుండు నాలుగు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఈ ఆటలో అయిదు పాయింట్లు వచ్చే వలయం ఆ దూరంలో చాలా చిన్నది. కాఫీ గ్లాసు మీద పెట్టే మూతంత! నోరు మూసుకుని సంచులను చేతిలోకి తీసుకుని చూడటం మొదలుపెట్టాను.

మొదట చూడాల్సింది ఎత్తట. పడుకుని గురిచూసినప్పుడు మెడ ఎత్తకుండా, వంచకుండా దుర్భిణి కంటికి అందాలి. సంచి పొట్టిదైతే బట్ కిందికి దిగి రైఫిలు ఆకాశం చూస్తుంది. కొందరు కింద పుస్తకాలో చెక్కలో పెట్టి సరిచేస్తారు. అవి జారితే మొదటికే మోసం. రెండోది చెవులు. రైఫిలు బట్ కిందిభాగం సన్నగా ఉంటే చెవులు దగ్గరగా ఉండాలి, వెడల్పుగా ఉంటే ఎడంగా ఉండాలి. మరీ బిగుతైతే గుండు పేలి రైఫిలు వెనక్కి తన్నినప్పుడు చెవుల మధ్య ఇరుక్కుపోతుంది. మళ్లీ ముందుకు నెడితే పాత చోటికి రాదు. వదులైతే పక్కలకు ఊగుతుంది.

మూడోది పైగుడ్డ. సంచి ఒళ్లు తోలుదైతే నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. చెవులకు మాత్రం నున్నటి నైలాన్ లాంటిది వాడితే బట్ తేలిగ్గా జారుతుంది. చెవులూ తోలువే అయితే టాల్కం పౌడరు చల్లుతారట. ‘మనం క్యారమ్ బోర్డు మీద చల్లుకున్నట్టు!’ అంది అమ్మాయి.

నాలుగోది, అసలైంది లోపలి సరుకు. చాలా సంచులను ఖాళీగానే అమ్ముతారు. ఇంటికెళ్లి మనమే నింపుకోవాలి. మామూలు ఇసుక అందరికీ దొరికేదీ, నమ్మకమైందీ. ఇంకా బరువు కావాలనుకునేవాళ్లు జిర్కాన్ లాంటి ఖనిజపు ఇసుక వాడతారు. అది మామూలు ఇసుకకంటే ఒకటిన్నర రెట్లు పైనే బరువు. జిర్కాన్ మన భీమునిపట్నం, శ్రీకాకుళం సముద్రతీరపు ఇసుకలోనూ ఉంటుంది. చంకన పెట్టుకుని కొండలెక్కేవాళ్లు బరువు లేకుండా ప్లాస్టిక్ పూసలు నింపుకుంటారు. థర్మకోల్ పూసలు ఇంకా తేలిక. కానీ రైఫిలు బరువుకు అవి నలుగుతాయి, మెత్తటి పరుపులా మళ్లీ పైకి లేస్తాయి. బియ్యం, పప్పులు నింపేవాళ్లూ లేకపోలేదు. తేమకు ఉబ్బడం, పురుగు పట్టడం వాటితో వచ్చే తంటా.

ఇంతలో మా ఆవిడ ఒక సంచిని తిరగేసి చూస్తూ ‘ఏవండీ, ఇది చూడండి, చుట్టకుదురు!’ అంది. నిజమే. ఆ సంచికి అడుగున తోలుతో చేసిన గుండ్రటి చుట్ట ఉంది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా సంచి ఒరిగిపోకుండా ఆ చుట్ట మీద కుదురుకుంటుందట. ‘మా అమ్మమ్మ గడ్డితో చుట్టేది. వదులుగా చుడితే కుండ ఒరిగిపోతుంది, మరీ గట్టిగా చుడితే కుండ అందులో కూర్చోదు అనేది’ అంది. అల్లుడు ఆ మాటని దుకాణదారుకు ఇంగ్లిషులో చెప్తే ఆయన ‘నేను ఇరవై నిమిషాల్లో చెప్పేది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు’ అని నవ్వాడు.

మా అల్లుడు మాత్రం ఏదీ కొనలేదు. ‘ముందు రేంజిలో ఒకరిద్దరి సంచులు అడిగి వేసి చూస్తాను. నా రైఫిలు మీద కుదరాలి కదా’ అన్నాడు. చెప్పులు కొనేటప్పుడు కూడా వేసుకుని నడిచి చూడనివాడు ఇసుక సంచికి అంత జాగ్రత్త పడటం చూసి అమ్మాయి ఆశ్చర్యపోయింది.

మెత్తటి సంచి చేసిన మోసం

సెంచరీ రేంజి చూస్తే కళ్లు తిరిగాయి. ఒకే వరసలో 108 టార్గెట్లు. 600 గజాల దాకా దూరం. పక్కనే స్టిక్కిల్‌డౌన్ అనే మరో రేంజిలో 1200 గజాల దాకా కాలుస్తారు. ఎర్రజెండాలు ఎగురుతున్నాయి. ఆఫీసరు అనుమతిచ్చేదాకా ఎవరూ తుపాకీ ముట్టుకోరు. కాల్చని రైఫిళ్లకు లోపల గుండు లేదని తెలిసేలా రంగు జెండా పుల్ల గుచ్చి ఉంచారు. ఆ క్రమశిక్షణ చూశాక భయం సగం తగ్గింది.

అతిథులు ఒక కాగితం మీద సంతకం చెయ్యాలి. గతంలో జైలుశిక్ష పడి తుపాకీ ముట్టుకోకూడని మనిషిని కానని హామీ. ‘ముప్ఫై నాలుగేళ్లు బడిలో ఉన్నారని రాయండి, సరిపోతుంది’ అంది మా ఆవిడ. ఆ సంతకం పెట్టడానికే నాకు రెండు నిమిషాలు పట్టింది. అల్లుడు చూసీ చూడనట్టు పక్కకు తిరిగాడు.

చూడ్డానికే వచ్చాననుకున్నవాణ్ని ఎప్పుడు చాప మీద బోర్లా పడుకున్నానో నాకే తెలీదు. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో పాయింట్ టూటూ రైఫిలు కాల్చాను. అప్పుడు ముందు చేతి కింద ఇసుక మూట పెట్టేవారు. వెనకవైపు భుజమే ఆధారం. ఆ తర్వాత ఇదే.

మొదట క్లబ్బు సభ్యుడొకాయన రైఫిలు ఇచ్చారు. ముందు రెండు కాళ్ల స్టాండు. వెనక గుండ్రటి మెత్తటి సంచి. దీన్ని ఎడమచేత్తో పిసుకుతూ గురి సరిచేసుకోవాలి. పిసికితే సంచి ఉబ్బి బట్ లేస్తుంది, గొట్టం కిందికి దిగుతుంది. వదిలితే బట్ దిగుతుంది, గొట్టం లేస్తుంది. తేలిగ్గా, చేతికి హాయిగా ఉంది. ఇదే బాగుందనుకున్నాను.

దుర్భిణిలో చూశాను. అడ్డగీత, నిలువుగీత కలిసేచోట నల్లటి టార్గెట్ కనిపించాలి. కనిపించింది, కానీ నాట్యం చేస్తోంది! నేను బలంగా పిసికినకొద్దీ ఇంకా ఊగుతోంది. నా ఎడమచేతి వణుకు సంచిలోకి, సంచి నుంచి బట్‌లోకి, అక్కణ్నుంచి 390 రెట్లయి టార్గెట్ మీదకు వెళ్తోందన్నమాట. పళ్లు బిగబట్టి మీట నొక్కాను. టార్గెట్ కిందికి దిగి, గుండు తగిలినచోట గుర్తు పెట్టుకుని మళ్లీ పైకి లేచింది. ఓ అంచున ఉంది. రెండోది ఇంకో అంచున. మూడోది అసలు తగలనే లేదు.

రైఫిలు పక్కన పెట్టి లేవబోయాను. ‘చాల్లేవయ్యా, చెప్పాను కదా’ అన్నాను అల్లుడితో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఎవరి సంచి వాళ్లదే

పక్క చాప మీద ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. చేతివేళ్లు కీళ్లవాతంతో వంకర్లు తిరిగి ఉన్నాయి. ‘అలా లేవకండి, తప్పు మీది కాదు. సంచి మీకు తగింది కాదు’ అంది. అల్లుడికి ఆవిడ తెలుసు. తన రైఫిలు మీద ప్రయత్నించమని పిలిచింది.

ఆవిడది పది కిలోల బరువైన రైఫిలు. ఎఫ్-క్లాస్ ఓపెన్ విభాగంలో ఆ బరువు దాకా అనుమతిస్తారు. ముందు వెడల్పాటి ఇనుప ఆధారం, దానికి చిన్న పుల్ల. ఆ పుల్ల కదిపితే గొట్టం అటూఇటూ, పైకీ కిందికీ కదులుతుంది. వెనక చెవుల సంచి. తోలు నల్లబడిపోయింది. ఒకచోట మాసిక వేసి ఉంది. ఎత్తబోతే లేవలేదు, అంత బరువు. ‘బరువైన ఇసుక. నింపేటప్పుడు గరిటెడు గరిటెడు వేసి కుదేశాను. నా వేళ్లు దాన్ని పిసకలేవు. అందుకే పిసకాల్సిన పనిలేని సంచి ఎంచుకున్నాను’ అంది.

తర్వాత ఆవిడ చెప్పిన పద్ధతి వింతగా ఉంది. ముందు బట్‌ను చెవుల మధ్య పెట్టి రెండుమూడుసార్లు గట్టిగా కిందికి అదిమింది. సంచిలో దానికి తగిన గుంట పడింది. రైఫిలును ముందుకీ వెనక్కీ జరిపి, గీతలు టార్గెట్ మీద నిలువునా జారుతున్నాయో పక్కకి పోతున్నాయో చూసుకోమంది. పక్కకి పోతే సంచి వంకరగా ఉన్నట్టు. రెండుసార్లు సంచిని గోరంత తిప్పింది. ఆపైన ‘ఇక దీన్ని పట్టుకోకండి’ అంది.

‘పట్టుకోకుండా ఎలా?’

‘రైఫిలును సంచి పట్టుకుంటుంది. మీరు ఎడమచెయ్యి తీసెయ్యండి. కుడి మోచెయ్యి చాప మీద ఆనించండి. వేలికొస ఒక్కటి మీటకు తగిలితే చాలు.’

చూశాను. గీతలు నల్లటి టార్గెట్ నడుమ మేకు కొట్టినట్టు నిలబడ్డాయి! నా చేతులు అంతకుముందులాగే వణుకుతున్నాయి. కానీ ఆ వణుకు పోయి చేరడానికి దారి లేదు. ఊపిరి వదిలి మెల్లగా వేలు ఆనించాను. రైఫిలు చెవుల మధ్య నుంచి నున్నగా వెనక్కి జారి ఆగింది. టార్గెట్ దిగి, లేచింది. అయిదు పాయింట్ల వలయం అంచున గుర్తు. తర్వాతిది నాలుగు. ఆపైన మరో అయిదు. ఆఖరిది సరిగ్గా నడి వలయంలో! వెనక మా ఆవిడ, అమ్మాయి చప్పట్లు కొట్టారు. చెవులకు మఫ్‌లు ఉండటంతో వినిపించలేదు. మనవరాలు గెంతుతుంటే అర్థమైంది.

లేచాక ఆవిడకు కృతజ్ఞతలు చెప్పాను. ‘నలభై ఏళ్లు చేతులతోనే కాల్చాను. వేళ్లు వంగిపోయాక సంచి పెట్టుకోమన్నారు. అలా పెట్టుకుంటే ఓడిపోయినట్టనుకుని మానేశాను. రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు తలచుకుంటే నష్టపోయింది ఆ రెండేళ్లే’ అంది. ఆ మాట నాకు చెప్పాలని చెప్పిందో, మామూలుగానే అందో తెలీదు.

మా అల్లుడూ ఆవిడ సంచి తన రైఫిలు కింద వేసి చూశాడు. అతని బట్‌కు చెవులు ఇరుకయ్యాయి. ఆవిడకు అమృతం లాంటిది ఇతనికి పనికిరాలేదు! మరో ఇద్దరివి అడిగి చూసి, చివరికి కాస్త పొట్టిగా, చెవులు ఎడంగా ఉండి, అడుగున చుట్టకుదురు ఉన్న సంచి తీసుకున్నాడు. ధర ఎంతని అడిగితే ‘రూపాయల్లోకి మార్చుకోకండి మావయ్యగారూ’ అన్నాడు.

బిస్లీ చూడాలనుకునేవాళ్లకు జూలై మంచి నెల. ఇంపీరియల్ మీటింగ్ సందడి అప్పుడే. తుపాకీ ముట్టుకోకపోయినా ఆ వరండాలూ, పైన్ చెట్ల నీడా చూస్తూ ఒక పూట గడిపేయొచ్చు.

వారం తర్వాత ఓ మధ్యాహ్నం మా ఆవిడ అమ్మాయి పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి కుడుతూ కూర్చుంది. ఏమిటంటే చెప్పలేదు. కుట్టిన సంచిలో బియ్యం నింపి నా ముందు పెట్టింది. ‘చెయ్యి దీనిమీద పెట్టండి’ అంది. పెట్టాను. మణికట్టు పక్కకు దొర్లింది. ‘ఎక్కువైంది’ అన్నాను. కుట్టు విప్పి రెండు గుప్పెళ్లు తీసేసింది. ఈసారి అరచేత్తో అదిమి గుంట చేసి, మణికట్టు అందులో పెట్టాను. కుదురుకుంది.

మనవరాల్ని పిలిచి పలక తెమ్మన్నాను. మెల్లగా ‘అ’ రాశాను. మొదట్లోనే కాస్త వంకరపోయింది. బోర్డు మీద నేను రాసిన అక్షరం కాదది. చెరిపేద్దామనుకునేలోగా పిల్ల పలక లాక్కుని, నాలుక బయటపెట్టి, బలపంతో దానిమీదే దిద్దుకోవడం మొదలుపెట్టింది.